చిన్న తుప్పు కూడా వదలొద్దు

ధర్మవరం,
జూన్ 10

బుక్కరాయసముద్రంలో బొమ్మ బస్సులు చేసే మార్కండేయ గారికి,

ధర్మవరం పట్టుచీరల శ్రీరంగప్ప నమస్కారాలు. ముఖం తెలియని మనిషి ఉత్తరం రాసినాడేమని అనుకోవద్దు. మా కోడలు చంద్రిక ఫోనులో మీరు చేసిన బస్సు బొమ్మ చూపించింది. అగ్గిపెట్టెంత కనిపించింది గాని పనితనం తెలిసింది. చీర చూసి నేసినవాడెవరో చెప్పే ఇంట్లో పుట్టినవాణ్ని, నా అంచనా పోదు.

విషయానికి వస్తాను. మా నాయన వీరప్పకు ఒక బస్సు ఉండేది. అనంతపురం నుంచి కళ్యాణదుర్గం మీదుగా కుందుర్పికి రోజుకు రెండు ట్రిప్పులు. నాయన పోయినాక నేను నడిపినాను. ఇరవై ఏండ్ల కిందట గుజిరీకి అమ్మేస్తే పాత ఇనుము కింద పోయింది. కుందుర్పిలో ఉన్న మా అక్క ఓబమ్మ ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు. ఫోను చేస్తే ఎత్తుతుంది. "బాగుండావా? బాగుండా" అని పెట్టేస్తుంది.

ఇప్పుడు అనంతపురంలో కొత్త షోరూము తెరుస్తున్నాను. ఆగస్టు పదహారు, శ్రావణ శుక్రవారం. మా ఇంట్లో ఎవరు అంగడి తెరిచినా తొలి బోణీ ఇంటి ఆడబిడ్డ చేతితోనే. మా తాత పెట్టిన పద్ధతి. అక్క రాకుండా షట్టరు ఎత్తితే ఆ అంగట్లో కూర్చోవడానికి నాకే మనసొప్పదు. పెద్దమనుషులను పంపినాను, మజ్జిగ ఇచ్చి పంపించేసింది. అందుకని ఆ బస్సునే బొమ్మగా చేయించి, పత్రికతో పాటు ఆమెకు పంపాలని నా ఆలోచన. నాకు ఆలోచన రావడమే ఆలస్యం గాని, వస్తే అది పారకుండా పోదు.

పాత ఫోటో జతచేసినాను. నీలం బస్సు, పక్కన తెల్లచొక్కాలో నిలబడినది నేనే. అసలు బస్సు ఎట్లుండేదో అట్లే ఉండాలి. అక్క చూస్తూనే గుర్తుపట్టాలి. చిన్న తప్పు కూడా వదలొద్దు.

ఇట్లు,
శ్రీరంగప్ప

తా.క.: ఫోను చేయొద్దు, నా చెవికి పడదు. వాట్సప్‌లో రాసిన మాట మరుసటి రోజుకు పైకెక్కి ఎక్కడికో పోతుంది. కాయితం మీద మాట పెట్టెలో ఉంటుంది. మా ఊరి బస్సు కండక్టరు యేసన్న రోజూ అనంతపురం వస్తాడు, ఆయన చేతికివ్వండి. నమ్మకస్తుడు. పెట్టె మీద ఎవరి పేరుంటే వాళ్ళకు చేర్చిందాకా అన్నం తినడు.


బుక్కరాయసముద్రం,
జూన్ 13

పెద్దలు శ్రీరంగప్ప గారికి,

మార్కండేయ దండాలు. మీ ఉత్తరం అందింది. చేత్తో రాసిన ఉత్తరం చూసి ఎన్నాళ్ళయిందో! అక్షరం చూస్తే నాకు ఆకలి తీరుతుంది. అనంతపురంలో అంగళ్ళ బోర్డులు, బస్సుల మీద పేర్లు రాసి బతికినవాణ్ని. ఫ్లెక్సీలొచ్చి మా కుంచెల నోట్లో మన్ను కొట్టినాయి. "నాయనా, ఊరికే కూర్చుంటే నీ చెయ్యి పడిపోతాది, బొమ్మలు చెయ్" అని మా పాప జ్యోతి పోరింది. ఇప్పుడు బెంగళూరు నుంచి అడుగుతారు.

మీ బస్సు చేస్తాను. మూరెడు పొడుగు, ప్లాస్టిక్ షీటుతో. ఆ బస్సు నాకు గుర్తుంది. ఆ కాలంలో అనంతపురంలో తిరిగినవాడికి ఎవరికి గుర్తుండదు? ఫోటో కూడా అక్కరలేదు గాని, తెల్లచొక్కా కోసం ఉంచుకుంటాను.

మీరు చివర్లో రాసిన మాట చదివి కుర్చీలోంచి లేచి నిలబడినాను. నా కస్టమర్లందరూ "నీట్‌గా ఉండాల" అంటారు. పని తెలిసిన మాట రాసింది మీరొక్కరే. దాన్ని గోడకు అతికించుకున్నాను. మీ మాట మీద ఒట్టు, ఒక్కటి కూడా వదలను.

మీ
మార్కండేయ

తా.క.: నెల పైన కావాలి. బస్సు కట్టడానికి పది రోజులు చాలు. మిగిలిన రోజులు ఎందుకో పెట్టె విప్పినప్పుడు మీకే తెలుస్తుంది.


ధర్మవరం,
జూలై 22

మార్కండేయ గారికి,

శ్రీరంగప్ప రాయడమేమంటే, ఘోరం జరిగిపోయింది.

పొద్దున యేసన్న పెట్టె తెచ్చినాడు. దేవుని గూడు ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి విప్పినాము. మా ఇంటామె సుబ్బరత్నమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో, గుజిరీలో అమ్మిన బస్సునే మళ్ళా కొనుక్కొచ్చినారా ఏమి?" అనింది. నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. తలుపుల అంచులంతా తుప్పు. ఫుట్‌బోర్డు చూస్తే చీమలు తిన్నట్లుంది. అద్దం మీద దుమ్ము తుడిస్తే పోలేదు.

మీరు బంగారంలాగా చేసి పంపి ఉంటారు, నాకు తెలుసు. దారిలో ఎవడో పాడు చేసినాడు. యేసన్నను నిలబెట్టి అడిగినాను. "అన్నా, తొడ మీద పెట్టుకొని తెచ్చినా, పసిబిడ్డను గూడా అట్ల తేలేదు" అన్నాడు. నేను నమ్మలేదు. నలుగురిలో నానా మాటలూ అన్నాను. ఆయన ముఖం ముడుచుకుని వెళ్ళిపోయినాడు.

ఇంక పత్రికలు పంచే రోజులు దగ్గరపడుతున్నాయి. ఈ వికారాన్ని చూస్తే అక్క, "చచ్చిన బస్సును చూపించి నన్ను ఏడిపిస్తాండావా?" అంటుంది. ఏం చేయమంటారు, వెంటనే రాయండి.

శ్రీరంగప్ప

తా.క.: నాకు ఒక్కటే అర్థం కాలేదు. ప్లాస్టిక్‌కు తుప్పెట్ల పట్టింది? అరవై ఏండ్లొచ్చినాయి, ఈ వింత ఇప్పుడే చూస్తున్నాను.


బుక్కరాయసముద్రం,
జూలై 24

శ్రీరంగప్ప గారికి,

మీ ఉత్తరం చదివి మొదట నవ్వినాను, తర్వాత పొంగిపోయినాను. ప్లాస్టిక్‌కు తుప్పెట్ల పట్టిందని అడిగినారు చూడండి, ఇంతకంటే పెద్ద సన్మానం నాకు ఇంకెవరూ చేయలేరు. పట్టించినవాణ్ని నేను!

బస్సును ఎవరూ పాడు చేయలేదు. అది ఇరవై రోజుల పని. ముందు తుప్పు రంగు వేసి, తడి మీద కళ్ళుప్పు చల్లి, దాని మీద రంగు కొట్టి ఆరినాక ఉప్పు రాల్చేస్తే, ఉప్పు ఉన్నచోటంతా తుప్పు బయటికి కనిపిస్తుంది. గిన్నెలు తోమే స్పాంజి ముక్క చింపి, గోధుమ రంగులో అద్ది తలుపుల అంచులకు తాకిస్తే చేతులు తగిలి రంగు అరిగినట్లు వస్తుంది. బస్సు పక్కల మాత్రం వేరే పద్ధతి. కింద పచ్చ రంగు, దాని మీద వార్నిష్, ఆ పైన ఆడపిల్లలు జుట్టుకు కొట్టుకునే స్ప్రే, అన్నిటికీ పైన నీలం. తడి కుంచెతో రుద్దితే స్ప్రే కరిగి నీలం పెచ్చుగా లేస్తుంది, కింది పచ్చ చెక్కుచెదరదు.

తుప్పు ఎక్కడబడితే అక్కడ వేయడానికి ఇదేమన్నా సముద్రం పక్క ఊరా? మన జిల్లాలో తుప్పుకు కూడా కరువే. ఇక్కడ రంగు ఎండకు సున్నమై రాలుతుంది గాని నీళ్ళు తగిలినచోటే తుప్పు పడుతుంది. మీ బస్సుకు ఆ ఫుట్‌బోర్డు కుడి మూలే ఎందుకు చెడిందో గుర్తుందా? కుందుర్పి నుంచి మజ్జిగ బిందెలు దించే ఆడవాళ్ళు రోజూ అక్కడే ఒలకబోసేవాళ్ళు. ఉప్పు మజ్జిగ! ఆ మూలకు మూడు రోజులు పట్టింది నాకు.

అయినా ఇదంతా మీరు అడిగిందే గదా. మీ ఉత్తరం ఇంకా గోడ మీదే ఉంది. "అసలు బస్సు ఎట్లుండేదో అట్లే ఉండాలి. చిన్న తుప్పు కూడా వదలొద్దు." నేను వదలలేదు. వదిలి ఉంటే చూపించండి, చెవి కోయించుకుంటాను.

మీ
మార్కండేయ

తా.క.: యేసన్నను పిలిచి కాఫీ ఇచ్చి క్షమించమని అడగండి, పాపం తగులుతుంది.

ఇంకొకటి: బస్సుకు పొరపాటున కూడా నీళ్ళు తగిలించొద్దు.


ధర్మవరం,
జూలై 26

ఏమప్పా మార్కండేయా,

తుప్పా? నేను రాసింది తప్పు! "చిన్న తప్పు కూడా వదలొద్దు" అని. త, ప్పు. తకు కొమ్ము ఎక్కడుందో చూపించు! మా బడిలో అయ్యవారు బెత్తంతో కొట్టి నేర్పించిన అక్షరాలు నావి. పెండ్లికి పిలిస్తే పిండానికి వచ్చినట్లుంది నీ వ్యవహారం. కళ్ళజోడు లేకపోతే కొనుక్కో, నేను పంపిస్తాను.

పైగా బస్సులో ఉప్పు పోసినావా? ఊరగాయ పెట్టమన్నానా నిన్ను?

నీ ఉత్తరం వచ్చేటప్పటికే ఇంకో పని జరిగిపోయింది. ఇంట్లో ఇత్తడి బిందెలు తోమే మనిషి ముందు తుప్పు పట్టిన వస్తువు పెట్టి ఊరుకోమంటే ఊరుకుంటుందా? సుబ్బరత్నమ్మ గుప్పెడు చింతపండు నానబెట్టి, ఒక పక్కంతా తోమింది. తోమేకొద్దీ తుప్పు పోలేదు, నీలం పోయింది. లోపల పచ్చ రంగు, అక్కడక్కడ తెల్ల గీతలేవో తేలినాయి. "దీనికి లోపల గూడా రోగమే" అని ఆమె చేతులు కడుక్కుంది. నా బీపీ ఎంతకు పోయిందో చెప్పను.

బస్సును వెనక్కి పంపుతున్నాను. మిగిలిన తుప్పు దారిలో నానుతుందని తడిగుడ్డ బిగించి చుట్టినాను. పత్రిక కూడా పెట్టెలోనే ఉంది, తీయొద్దు. రంగంతా గీకేసి కొత్త పెండ్లికొడుకులాగా నిగనిగలాడేటట్లు చేసి, నేరుగా అక్కకే పంపు. చిరునామా పెట్టె మీద రాసినాను.

ఈసారి అక్షరం అక్షరం చదువు.

శ్రీరంగప్ప

తా.క.: యేసన్నకు కాఫీ ఇచ్చినాను. తాగలేదు. "ఈ తూరి తప్పు జరగదులేన్నా, పెట్టె మీద పేరున్నోళ్ళ చేతికే ఇస్తా" అని ఒట్టేసి తీసుకుపోయినాడు. పౌరుషం గల మనిషి.


బుక్కరాయసముద్రం,
జూలై 29

శ్రీరంగప్ప గారికి,

మీరు కూర్చుని చదవాలి. పక్కన సుబ్బరత్నమ్మగారు ఉంటే ఇంకా మంచిది.

మీ ఉత్తరం వచ్చింది, బస్సు రాలేదు. బస్టాండుకు పోయి యేసన్నను పట్టుకున్నాను. ఛాతీ విరుచుకుని చెప్పినాడు: "పెట్టె మీద కుందుర్పి ఓబమ్మ అని ఇంతింత అక్షరాలతో రాసుండాది. నీకెందుకిస్తా? కుందుర్పి బస్సు డ్రైవరుకు ఒప్పజెప్పినా. సాయంత్రానికల్లా ఆయమ్మ చేతికి చేరిపోయింది, ఫోను జేసి గూడా కనుక్కున్నా. పోయి మీ శ్రీరంగప్పకు చెప్పుపో, యేసన్న అంటే ఎవురో!"

అంటే చింతపండుతో సగం తోమిన బస్సు, తడిగుడ్డలో, మీ పత్రికతో సహా మీ అక్కగారి ఒళ్ళో ఉంది.

మీరు కంగారు పడతారని తెలుసు. పడొద్దు. నా పని మీద నాకు నమ్మకముంది. ఆ బస్సును చూడాల్సిన కళ్ళు అవే. పెట్టె వెనక్కి తెప్పించడానికి ఎవరినీ పంపొద్దు, మీరు ఫోను కూడా చేయొద్దు. నాలుగు రోజులు ఓపిక పట్టండి.

మీ
మార్కండేయ

తా.క.: తడిగుడ్డ ఎంత బిగించి చుట్టినారు? ఊరికే అడుగుతున్నాను.


ధర్మవరం,
ఆగస్టు 6

మార్కండేయకు,

నీ మీద కోపంతో రెండు ఉత్తరాలు రాసి చింపేసినాను. ఇది మూడోది.

నిన్న పొద్దున అక్క వచ్చింది! ఒక్కతే, బస్సులో, పెట్టె ఒళ్ళో పెట్టుకుని. చంద్రిక అందుకోబోతే ఇవ్వలేదు. ఇరవై ఏండ్ల తర్వాత మా గడప తొక్కి, నిలబడే అడిగింది: "ఒరే రంగా, ఇది యాడ దొరికెరా నీకు?"

బస్సు బయటికి తీసి నా చేతిలో పెట్టింది. గుడ్డ విప్పితే నీలమంతా గుడ్డకే అంటుకుని వచ్చేసిందట. పచ్చ బస్సు, దాని మీద తెల్లటి అక్షరాలు, ఈ చివర నుంచి ఆ చివరకు: ఓబమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అక్కను కుందుర్పికి ఇచ్చిన ఏడు నాయన ఆ బస్సు కొని, "నా బిడ్డ పేరు దినామూ నా బిడ్డ ఊరికి పోవల్ల" అని ఆమె పేరు రాయించినాడు. నాయన పోయి నెల తిరగకముందే నేను దాన్ని కొట్టేయించి నీలం వేయించి, నా పేరు రాయించుకున్నాను. ఇరవై అయిదేండ్ల వయసు, కొత్త తెల్లచొక్కా. ఆ పని చేసిన సంగతే నేను మరిచిపోయినాను చూడు. దానికంటే పెద్ద తప్పు ఇంకేముంది?

అయినా బుద్ధి పోనిచ్చుకున్నానా? "నీకోసమే రాయించినా అక్కా" అన్నాను. వంటింట్లో నుంచి సుబ్బరత్నమ్మ, "మీరు రాయించినారా? నేను గుప్పెడు చింతపండు పెట్టి తోమితే బయటపడింది!" అని అరిచింది. ఇంక దాచడానికేముంది? జరిగిందంతా చెప్పేసి, తప్పు నాదే అన్నాను.

అక్క కూర్చుంది. "బస్సు అమ్మినందుకు నాకేం కోపమురా? ముసలిదైనాక గుజిరీకి పోక యాడికి పోతాది? నువ్వు నీ పేరు రాయించుకున్న్యప్పుడు గూడా నేనేమనలా. నీలం కింద నా పేరు ఉండాదిలే అనుకొని దినామూ రోడ్డు మీదికొచ్చి చూసేదాన్ని. అమ్మేసినాక చూసుకునేదానికి గూడా లేకపాయె" అనింది. నేను ఏడ్చినాను, మార్కండేయా. షోరూము ఓనరును, చంద్రిక ముందర, చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాను. అక్క నా నెత్తి మీద మొట్టి, "ఈ ఒక్క మాట కుందుర్పికొచ్చి చెప్పేదానికి ఇరవై ఏండ్లు నీకు బస్సు దొరకలేదా?" అనింది.

బోణీ ఆమే చేస్తుంది. బస్సు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. ఆ ఫుట్‌బోర్డు మూల చూసి, "మజ్జిగ సుంకులమ్మ ఒలకబోసిన మూల!" అని ఒకటే నవ్వు.

ఒక పని చేసిపెట్టు. "శ్రీరంగ సిల్క్స్" అని జూన్‌లోనే రేకు మీద రాయించిన బోర్డు పంపుతున్నాను. దాన్ని "ఓబమ్మ సిల్క్స్" చెయ్యి. ఫ్లెక్సీ వద్దు, నీ చేతిరాత కావాలి. చిన్న తప్పు కూడా వదలొద్దు. తకు కొమ్ము లేదు, చూసుకో, కింద గీత కూడా గీసినాను.

నీ
శ్రీరంగప్ప

తా.క.: ఒక్కటి అడుగుతాను. నేను పంపిన ఫోటోలో ఉండేది నీలం బస్సు. నీలం కింద పచ్చ ఉందని, పచ్చ మీద ఆ పేరుందని నీకెట్ల తెలిసింది?


బుక్కరాయసముద్రం,
ఆగస్టు 12

శ్రీరంగప్పన్నకు,

ఇంక "గారు" అనను, అన్నా అనే అంటాను. నీ ప్రశ్నకు జవాబు చెప్తాను.

నాకు పందొమ్మిదేండ్లప్పుడు వీరప్ప పెద్దాయన నన్ను పిలిచి, "గుండ్రంగా రాయాల, నా బిడ్డ పేరు" అని బస్సు మీద రాయించినాడు. నా జీవితంలో నేను సొంతంగా రాసిన మొదటి పేరు ఓబమ్మ. అయిదేండ్లకు ఒక తెల్లచొక్కా ఆయన గ్యారేజీకి వచ్చి, నా ముఖం కూడా చూడకుండా, "ఆ పేరు కొట్టేసి నాది రాయి" అన్నాడు. రంగు డబ్బా పట్టుకున్నవాని ముఖం ఎవరు చూస్తారులే. కొట్టేసింది నేనే అన్నా. నా మొదటి అక్షరాలను నా చేత్తోనే. ముప్పై అయిదేండ్లుగా అది నాకు ముల్లులాగా గుచ్చుతానే ఉంది. జూన్‌లో నీ ఉత్తరం విప్పి, లోపల ఫోటోలో ఆ తెల్లచొక్కాను చూసినప్పుడు ఈ అవకాశం మళ్ళీ రాదనుకున్నాను. ఆ మజ్జిగ మూల పైన నీలం ఎగరగొట్టి "ఓ" ఒక్క అక్షరం అక్కకు కనపడేటట్లు చేయాలని నా ప్లాను; చేసే పంపినాను, పెచ్చుల మధ్య అది మీ కంటికి ఆనలేదు. మిగిలినదంతా వదినె చింతపండు, నీ తడిగుడ్డ చేసినాయి. ఇంత గొప్ప పనివాళ్ళు నాకు ఎప్పుడూ దొరకలేదు.

ఇంక ఆ కొమ్ము సంగతి. నలభై ఏండ్లు అక్షరాలు రాసి బతికినవాణ్ని. తకు కొమ్ము ఉందో లేదో నాకు తెలియదా? నువ్వు తప్పు అనే రాసినావు. నేను తప్పు అనే చదివినాను. కొమ్ము నేనే పెట్టుకున్నాను. బస్సు మెరిసేటట్లు చేసి పంపితే అది నీ బస్సు అవుతుంది. అక్క గుర్తుపట్టాల్సింది ఆమె బస్సును.

అక్కకు ఒక మాట చెప్పు. పాత పేరు మీద కొత్త పేరు రాయాలంటే, పాతది ఉప్పుకాగితంతో గీకి, పుట్టీ పెట్టి, అప్పుడు రంగు వేయాలి. ఆ రోజు నాకు చేతులు రాలేదు. గీకకుండా పైన నీలం కొట్టేసినాను. పెయింటర్‌గా అది తప్పే. కానీ ఆమె అనుకున్నది నిజం. బస్సు గుజిరీకి పోయిన రోజు దాకా ఆమె పేరు నీలం కిందే ఉండింది.

పదహారున వస్తాను. ముందు వరసలో కుర్చీ వెయ్యి, ఈసారి నా ముఖం చూడు.

నీ తమ్ముడు
మార్కండేయ

తా.క.: బోర్డు యేసన్న చేతికిచ్చినాను. తప్పూ లేదు, తుప్పూ లేదు. నీ పేరు మాత్రం గీకలేదన్నా, ఓబమ్మ కింద భద్రంగా ఉంది. ఎప్పుడన్నా దిగులేస్తే రోడ్డు మీదికొచ్చి చూసుకో. వదినెను మాత్రం చింతపండుతో ఆ పక్కకు రానీయొద్దు.